కప్పు కాలేజీకి, మోకాళ్ల నొప్పి మనకా?

(ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలో చేరబోతున్న మన వాడల ఆటగాళ్లు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలి గురించి, దాడుల గురించి మాట్లాడవలసిన సంఘం ఆటల మీద మీటింగ్ పెట్టుడేంది అని కొందరు సోదరులు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పేది ఒక్కటే. ఏ ఊరికి పోయినా మన వాడలో నలుగురైదుగురు పిల్లలు కబడ్డీకో, ఖోఖోకో, పరుగుకో పేరు తెచ్చుకున్నవాళ్లుంటారు. ఇంటర్ రిజల్ట్ వచ్చిన మర్నాడే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు బండ్లు వేసుకొని ఆ పిల్లల ఇండ్లముందు దిగుతారు. మొన్నటిదాకా వాడ మొగం చూడనివాళ్లు నులక మంచంలో కూసుంటారు, నీళ్లు గూడ తాగుతారు. 'మీ పిలగాడు మంచిగ ఆడతడట గదా, ఫీజు మాట మరిచిపోండ్రి, బూట్లు మావే, హాస్టల్ మాదే' అంటారు. మూడేండ్ల తర్వాత ఆ పిల్లడు ఏమైండో చూడటానికి ఏ పీఆర్వో రాడు. అది చూసేది మనమే. కనుక చేరకముందే మాట్లాడుకోవాలి. భూమిని కొనేముందు మట్టి పిసికి చూసే జాతి మనది, కాలేజీని మాత్రం కరపత్రం చూసి నమ్ముతున్నాం.

ముందు ఒక భ్రమ పోవాలి. ఆట దగ్గర కులం లేదు, గ్రౌండులోకి దిగితే అందరం ఒకటే అని పెద్దమనుషులు బహుమతి ప్రదానాల్లో చెబుతుంటారు. పల్వంకర్ బాలూ సంగతి వాళ్లకు తెలియదనుకోవాలా, తెలిసీ దాస్తున్నారనుకోవాలా? బాలూ చమార్ కులంలో పుట్టినవాడు. పూనాలో ఇంగ్లీషువాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేసే పని, నెట్లు కట్టే పని చేశాడు. దొరలకు ప్రాక్టీసు కోసం బంతులు వేసీ వేసీ దేశంలోనే గొప్ప ఎడమచేతి బౌలర్ అయినాడు. పూనా హిందువుల జట్టుకు ఆయన బౌలింగు కావలసివచ్చింది. ఆట సాగుతున్నంతసేపు ఆయన ముట్టిన బంతినే ముట్టుకున్న బ్రాహ్మలు, టీ వేళకు మాత్రం ఆయనకు పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ పోయించారు. 1911లో ఇంగ్లండు పోయిన తొలి అఖిల భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీసింది బాలూ, కెప్టెన్ మాత్రం పాటియాలా మహారాజు. హిందువుల జట్టుకు ఆయన్ని ఏనాడూ కెప్టెన్‌గా ప్రకటించలేదు. 1923 నాటికి గానీ ఆ కుర్చీ ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కలేదు.

అది వందేండ్ల నాటి మాట అంటారేమో. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన ఆడపిల్లల హాకీ జట్టు అర్జెంటీనా చేతిలో ఓడింది. ఆ ఓటమికి హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటిముందు పటాకులు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందని కూసిన వాళ్లున్నారు. అదే ఒలింపిక్స్‌లో మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారత మహిళ అయింది ఆ పిల్లే. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే కులం బిడ్డ.

అయితే ఆడొద్దని చెప్పటానికి ఈ సభ పెట్టలేదు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. అవే గురుకులాల్లో చదివిన అగసర నందిని 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. వీళ్ల పేర్లు మనం సభల్లో చప్పట్ల కోసం వాడుకుంటున్నాం. అక్కడ ఆగితే లాభం లేదు. వీళ్ల వెనుక ఏమున్నదో చూడాలి. పరుగును చూసి గుర్తుపట్టిన మనిషి ఉన్నాడు, కడుపునిండ తిండి పెట్టిన హాస్టల్ ఉంది, ఏండ్ల తరబడి వదలకుండ నిలబడ్డ కోచ్ ఉన్నాడు. నీవు చేరబోయే కాలేజీలో ఈ మూడింటిలో ఎన్ని ఉన్నాయి? నేటి ప్రశ్న ఇదే.

కాలేజీ చూడాలంటే ఆఫీసు టైముకు పోవద్దు. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి పోండ్రి. ఆ వేళల్లో గ్రౌండులో ఎవరూ లేకపోతే ఆ కాలేజీలో ఆటలు లేవు. ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలో ఎన్ని కప్పులున్నా సరే. ఆ కప్పుల మీద సంవత్సరాలు కూడా చదవండి. పదేండ్ల కిందటి కప్పు తుడిచి పెట్టుకున్న కాలేజీలు మేము చూసినం. గ్రౌండు అని చూపించేది బస్సులు నిలిపే స్థలమా? లాంగ్ జంప్ గుంతలో ఇసుక ఉన్నదా, గడ్డి మొలిచిందా? వాచ్‌మన్‌ను అడగండి, అతను మనవాడే అయివుంటాడు, నిజం చెబుతాడు.

కబడ్డీ పిల్లలకు ఒక ప్రత్యేక మాట. మన ఊళ్లలో ఆట మట్టి మీద. పెద్ద టోర్నమెంట్లు మ్యాట్ మీద. మగవాళ్లకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు, ఆడవాళ్లకు 12, 8. మట్టి మీద వట్టి కాళ్లతో ఆడే పిల్లడు మ్యాట్ మీద ఆ మాదిరిగానే మళ్లితే పాదం పట్టుకుంటుంది, మోకాలు తిరుగుతుంది. లిగమెంటు తెగితే ఆట పోయినట్టే, కొందరికి కూలి పని కూడా పోతుంది. కనుక మ్యాట్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఉందంటారు. స్టోరు రూములో చుట్టచుట్టి ఎలుకలకు ఇచ్చిన మ్యాట్ కూడా ఉన్నట్టే వాళ్ల లెక్క. వారానికి ఎన్ని రోజులు పరుస్తారు అని అడగండి.

ఇక ఫిజికల్ డైరెక్టర్. కాలేజీ ఆటలంటే సగం ఈ ఒక్క మనిషే. చిన్న కాలేజీల్లో పీడీ చేత ఏమేం చేయిస్తారో చూడండి. ఫీజు కట్టనివాళ్లను క్లాసులోంచి లేపేది ఆయనే, బస్సుల దగ్గర కాపలా ఆయనే, పరీక్షల్లో ఇన్విజిలేటర్ ఆయనే. మిగిలిన టైములో ఆటలు. ఆయన పర్మనెంటా, పార్ట్ టైమా, ఎన్నేండ్లనుంచి ఉన్నాడు, ఆయన ఆడిన ఆట ఏది అని మర్యాదగా అడగండి. మంచి పీడీ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు, మిమ్మల్ని కూసోబెట్టి గంట మాట్లాడతాడు. కోపం చేసేవాడి దగ్గర మూడేండ్లు ఎట్లుంటరు?

ఇప్పుడు అసలు సంగతి, కాగితం సంగతి. దీన్ని నిదానంగా వినండి, మన పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

కాలేజీలో జరిగే వార్షికోత్సవం ఆటలకు సర్టిఫికెట్ ఇస్తారు. గోడకు తగిలించుకోవచ్చు. అంతర్ కాలేజీ టోర్నమెంటులో ఆడితే ఇంకొక సర్టిఫికెట్ వస్తుంది. అదీ మంచిదే. అయితే కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఇవి రెండూ సరిపోవు. 1980 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ఫారం 1, 2, 3, 4 అని నమూనాలున్నాయి. ఒకటోది దేశం తరఫున ఆడినవాళ్లకు. రెండోది జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్లకు. మూడోది అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తన యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకు. నాలుగోది జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్ర జట్టులో ఆడినవాళ్లకు. డిగ్రీ పిల్లలకు ముఖ్యంగా సంబంధించింది మూడోది. దాని మీద సంతకం చేయవలసింది మీ ప్రిన్సిపాల్ కాదు, యూనివర్సిటీలో క్రీడలకు బాధ్యుడైన అధికారి. అంటే కాలేజీ జట్టులో మూడేండ్లు ఆడి, కాలేజీకి మూడు కప్పులు తెచ్చి, ఒక్కసారి కూడా యూనివర్సిటీ జట్టుకు ఎంపిక కాకపోతే ఆ కోటాలో నీ చేతికి ఏమీ రాలేదన్నమాట. రాష్ట్ర ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం అని ఉమ్మడి రాష్ట్రంలో 2012లో 74వ నెంబరు జీవో వచ్చింది. అందులో కూడా ఏ స్థాయిలో ఆడావు అన్నదాన్నిబట్టే వరుస.

కనుక కాలేజీని అడగవలసిన ప్రశ్న 'మీకెన్ని కప్పులొచ్చాయి' అని కాదు. 'గత మూడేండ్లలో మీ పిల్లలు ఎంతమంది యూనివర్సిటీ జట్టులో ఆడారు, ఏ ఆటలో, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు' అని అడగండి. పేర్లు చెప్పమనండి. ఫోను నెంబర్లు తీసుకొని ఆ పిల్లలతోనే మాట్లాడండి. ఆ జవాబు రాకపోతే లేచి రండి.

ఇంకో షరతు ఉంది. యూనివర్సిటీ జట్టులో ఆడేవాడు రెగ్యులర్ విద్యార్థి అయివుండాలి. దూరవిద్యలో చేరి కూలికి పోతూ ఆడతానంటే కుదరదు. వయసు కూడా చూస్తారు. ఇరవై అయిదు దాటనియ్యరు. ఇంటర్ తర్వాత రెండేండ్లు హైదరాబాదులో సెక్యూరిటీ పని చేసి వచ్చిన పిల్లలు మనలో ఉన్నారు. వాళ్లు ఈ ఏడు కూడా పోగొట్టుకోవద్దని మా మాట.

చిన్న కాలేజీలో చేరాలా, పెద్ద కాలేజీలో చేరాలా అని ఒక తమ్ముడు చీటీ రాసి పంపాడు. చిన్నదని చిన్నచూపు అక్కరలేదు. పేరున్న పెద్ద కాలేజీలో నీ ఆటకు అరవైమంది ఉంటారు. మొదటి ఏడంతా బంతులు ఏరటంతో సరిపోతుంది. చిన్న కాలేజీలో చేరిన నెలలోనే జట్టులో ఉంటావు. యూనివర్సిటీ సెలక్షన్‌కు వచ్చినప్పుడు చిన్న కాలేజీవాడూ పెద్ద కాలేజీవాడూ అదే గీత మీద నిలబడాలి. చిన్న కాలేజీ జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఓడినా అందులోని ఒక్కడు బాగా ఆడితే యూనివర్సిటీకి తీసుకోవచ్చు. అయితే ఆ టోర్నమెంటుకు కాలేజీ జట్టును పంపాలి గదా! ఎంట్రీ ఫీజు దండగ అని జట్టునే పంపని యాజమాన్యాలున్నాయి. పిల్లల దగ్గర గేమ్స్ ఫీజు మాత్రం వసూలు చేస్తారు. రసీదు అడిగి చూడండి, అందులో ఆ మాట ఉంటుంది.

ఆటను బట్టి కూడా కొంత తేడా ఉంది. పరుగు, దుంకుడు, విసురుడు అయితే గడియారం, టేపు మాట్లాడతాయి. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్‌లో సెలక్షన్ కమిటీ మాట్లాడుతుంది. కమిటీలో ఎవరున్నారు, ఏ కులాలవాళ్లున్నారు అన్నది మనం చూడకుండ ఉండలేం. అట్లని గడియారానికి కులం లేదని సంబరపడే పని కూడా లేదు. వెయ్యి రూపాయల బూటుతో పరుగెత్తినవాడికీ స్పైక్స్ వేసుకున్నవాడికీ, గుడ్లు పాలు తిన్నవాడికీ పచ్చిపులుసుతో తిన్నవాడికీ ఆ తేడా గడియారంలోనే కనబడుతుంది. అందుకే హాస్టల్లో ఏం పెడతారు అన్నది వంటింటి ముచ్చట కాదు, ఆట ముచ్చటే. పొద్దున ప్రాక్టీసు అయ్యేసరికి మెస్‌లో టిఫిన్ మిగులుతుందా? సాయంత్రం ఆలస్యంగా వస్తే అన్నం ఉంచుతారా? గుడ్డు ఎన్ని రోజులు?

హాజరు సంగతి ఒకటుంది. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. టోర్నమెంట్లు, క్యాంపులు అని పిల్లడు నెలరోజులు పోతే హాజరు పడిపోతుంది. పీడీ పంపిన ఉత్తరం ఆఫీసులో క్లర్కు రాసుకోకపోతే ఆ పిల్లడు ఆడినందుకు స్కాలర్‌షిప్ పోగొట్టుకుంటాడు. మా మండలంలో మాకు బాగా తెలిసిన కుర్రాడి కథ చెబుతాం, పేరు వద్దు, కాలేజీ పేరు కూడా వద్దు. ఫీజు లేదని నమ్మబలికి చేర్చుకున్నారు. నిజానికి వాళ్లు లెక్క పెట్టుకున్నది ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్. రెండేండ్లు జట్టును మోశాడు. మూడో ఏడు రీయింబర్స్‌మెంట్ ఆగింది. అప్పుడు యాజమాన్యానికి ఆటలు గుర్తురాలేదు, బాకీ గుర్తొచ్చింది. టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌కు ఒరిజినల్స్ లేక ఆ పిల్లడు పోలేకపోయాడు. వాళ్ల నాయన ఎడ్లు అమ్మి కట్టేసరికి ఆ తేదీ దాటిపోయింది. ఆ రోజు అతను తెచ్చిన కప్పు ఆ ఆఫీసులోనే ఉంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీ కూడా తన దగ్గర పెట్టుకోకూడదని 2018లో యూజీసీ స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది. చూపించాలి, జిరాక్సులు ఇవ్వాలి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోవాలి. ఇవ్వకపోతే ఒంటరిగా గొడవపడొద్దు, సంఘానికి చెప్పండి. పదిమందిమి కలిసి పోతే మాట్లాడే తీరు మారుతుంది. ఫీజు లేదు అన్న మాట కూడా నోటిమాటగా ఒప్పుకోవద్దు. రీయింబర్స్‌మెంట్ రాకపోయినా లేదా, వస్తేనే లేదా, తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. దెబ్బ తగిలితే దవాఖాన ఖర్చు ఎవరిది అన్నది కూడా అదే కాగితం మీద రావాలి. రాయనన్నవాడు ఇయ్యనన్నట్టే.

ఆడపిల్లల సంగతికి వద్దాం. తల్లులు ఎక్కువమంది వచ్చారు, మీతోనే మాట్లాడాలి. చాలా చిన్న కాలేజీల్లో ఆడపిల్లల జట్టు అంటే టోర్నమెంటుకు ముందురోజు క్లాసుల్లో తిరిగి 'ఎవరు వస్తరమ్మా' అని పన్నెండుమందిని జమచేసి పంపటం. అందులో నిజంగా ఆడేది మన పిల్లలిద్దరే. మిగిలినవాళ్లు బాగా ఆడకపోతే తిట్లు కూడా వీళ్లకే. కనుక ఆడపిల్లలకు ప్రాక్టీసు టైము వేరే ఉందా, మగపిల్లలు లేచిపోయినంక మిగిలిన పావుగంటా అని చూడాలి. బట్టలు మార్చుకోను గది ఉందా? గ్రౌండు దగ్గర తలుపు, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి ఉందా? వేరే జిల్లాకు పోతే వెంట మహిళా లెక్చరర్ వస్తుందా? రాత్రి బస్సు దిగినంక ఇంటిదాకా ఎవరు చేరుస్తారు? ఈ ప్రశ్నలు అడిగితే 'అనుమానం మనుషులు' అంటారు. అననీయండి. అడగకుండ పంపితే రేపు ఏ చిన్న మాట వచ్చినా మనమే పిల్లను ఆట మాన్పించి పెండ్లి చేస్తాం. అది ఇంకా పెద్ద అన్యాయం.

తల్లులకు మరొకటి. పిల్ల పరుగెత్తుతుంటే కండ్లు తిరుగుతున్నాయంటే బలహీనత అని ఊరుకోవద్దు, రక్తం పరీక్ష చేయించండి. ఇంట్లో చివర తినే అలవాటు మన పిల్లలది. ఆడే పిల్ల చివర తినకూడదు. తండ్రులు కూడా ఈ మాట వినాలి.

2016లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. ఉండటం, తినటం, చదువు ఒకేచోట. అక్కడ సీటు వచ్చే అవకాశం ఉన్న పిల్లను ఊరికి దగ్గరని ప్రైవేటులో వేయొద్దని మా అభిప్రాయం. అక్కడ కూడా పీడీ ఉన్నారా, నీ ఆటకు కోచింగ్ ఉందా అన్నది చూసుకునే చేరండి. మన పేరు మీద నడుస్తున్నంత మాత్రాన ప్రశ్నలు అడగటం మానకూడదు.

కులం సంగతి కాలేజీవాళ్లను నేరుగా అడిగితే 'మా దగ్గర అట్లాంటివి లేవు' అనే జవాబు వస్తుంది. అడిగే పద్ధతి వేరు. ఆ కాలేజీలో చదువుతున్న మన వాడల సీనియర్లను పట్టుకోండి. పోయిన మూడేండ్లలో కెప్టెన్లు ఎవరు? మన పిల్లలు ఎంతమంది ఆడారు, ఎంతమంది కెప్టెన్ అయినారు? నీళ్ల డబ్బా ఎవరు మోస్తారు? నెట్ ఎవరు కడతారు, ఎవరు విప్పుతారు? టోర్నమెంటుకు పోయినప్పుడు గదులు ఎట్ల పంచుతారు? ఆటలో తప్పు చేసినప్పుడు పేరుతో తిడతారా, కులంతో తిడతారా? వాళ్లు ఒక నిమిషం నేల చూసి మాట్లాడితే మీకు జవాబు దొరికినట్టే.

చివరగా చదువు. ఆటగాడికి చదువెందుకు అనే మాట పీఆర్వోలదే కాదు, మన ఇండ్లలో కూడా ఉంది. ఇరవై అయిదేండ్లకు ఆట ముగుస్తుంది, ఆ తర్వాత నలభై ఏండ్లు బతకాలి. బీపీఈడీ చేయాలంటే డిగ్రీ పాసై పీసెట్ రాయాలి. కోచ్ కావాలంటే పటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉంది. డిగ్రీలో బ్యాక్‌లాగులు పెట్టుకున్నవాడికి ఈ దారులన్నీ మూసుకుంటాయి. సెమిస్టర్ పరీక్షలు, యూనివర్సిటీ టోర్నమెంట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అట్లా పడ్డప్పుడు ఆ కాలేజీ లెక్చరర్లు పిల్లలకు పాఠం మళ్లీ చెప్పారా? జట్టులో పోయినేడు మూడో ఏడు చదివినవాళ్లలో ఎంతమంది డిగ్రీ పాసయ్యారు? ఈ ఒక్క లెక్క చెప్పగలిగితే ఆ కాలేజీని సగం నమ్మవచ్చు. మేము చూసినంతలో ఈ లెక్క రాసి పెట్టుకున్న కాలేజీలు బహు తక్కువ.

ఇప్పుడు చేయవలసిన పనులు. దోస్త్ రిజిస్ట్రేషన్ మన సంఘం ఆఫీసులోనే చేయిస్తాం, ఇద్దరు డిగ్రీ పిల్లలు కూసుంటారు. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఏ పీఆర్వోకూ చెప్పొద్దు. చెబితే మీ పేరు మీద ఆప్షన్లు వాళ్ల కాలేజీకే పెట్టుకుంటారు, ఇట్లా జరిగినవి మాకు తెలుసు. స్పోర్ట్స్ కోటా కింద పెట్టుకునేవాళ్లు అండర్-19, స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని రండి, మడత పెట్టొద్దు. పరిశీలనకు పిలిచినప్పుడు మాలో ఒకరం వెంట వస్తాం.

వచ్చే ఆదివారం లోపల రెండేసి మూడేసి మంది జట్లుగా కాలేజీలు చూసి రావాలి. ప్రతి జట్టులో ఒక తల్లి ఉండాలి. చూసింది నోటుబుక్కులో రాయండి: ఎన్ని గంటలకు పోయినాం, గ్రౌండులో ఎంతమంది ఉన్నారు, పీడీ ఏమన్నాడు, సీనియర్ ఏమన్నాడు. ఆదివారం పొద్దున అంబేడ్కర్ విగ్రహం దగ్గర ఆ నోటుబుక్కులు అందరం చదువుకొని, ఏ పిల్ల ఏ కాలేజీకో కూసొని తేల్చుకుందాం. చీటీలు రాసినవాళ్లలో ముగ్గురికి ఇంకా జవాబు చెప్పలేదు, టీ తాగి వాళ్లు ఇటు రండి.

జై భీమ్.